అక్క నెలలు, నా ఇంగ్లీషు

నాకు వచ్చిన ఇంగ్లీషంతా చాటలో పోస్తే చాట అడుగు కూడా నిండదు. మూడో తరగతి సగంలో నన్ను బడి మానిపించారు. అప్పటికి అక్షరాలు వచ్చు, కూడికలు వచ్చు, పలక మీద నా పేరు రెండు భాషల్లో రాయడం వచ్చు. ఆ కాస్త చదువుతోనే చేవెళ్లలో ఒక మిషన్ దవాఖానలో కొన్నేళ్లు పనిచేశాను. లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, జరుగుతున్న రోజులవి. నాకు పదహారు నిండలేదు.

మాది ముడిమ్యాల. పొద్దున్నే జొన్న గటక తాగి నడిచి వెళ్లేదాన్ని. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, దవాఖాన గేటు దగ్గర కాళ్లు దులుపుకుని వేసుకునేదాన్ని. ఒక్క జత మూడేళ్లు వచ్చింది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వనీ.

మొదట్లో నా పని కట్టుగుడ్డలు ఉతకడం. పుండ్లకు కట్టిన గుడ్డ పీలికలను ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి, మళ్లీ చుట్టలు చుట్టాలి. లడాయి వల్ల గుడ్డ దొరకడం లేదు. ఏ పీలికైనా చివికిపోయేదాకా పారేయనిచ్చేదాన్ని కాదు. దొరసానికి నాలో నచ్చింది ఆ గుణమే. ఆమె డాక్టరు. యాభై ఏళ్లుంటాయి. ఎండకు ఎర్రగా కమిలిన ముఖం, కోపం తొందరగా వచ్చే మనిషి. మద్రాసు వైపు రెండేళ్లు ఉండి పుస్తకం చూసి తెలుగు నేర్చుకున్నది. "నీకు బాధ ఎచ్చట కలుగుచున్నది?" అని అడిగేది. ఎదుట కూర్చున్న ఆడమనిషి నా వైపు తిరిగి "ఏమంటున్నదే ఆమె?" అనేది. "యాడ నొస్తున్నదని అడుగుతున్నది" అని నేను చెప్పేదాన్ని. తెలుగును తెలుగులోకి మార్చడంతో మొదలైంది నా ఉద్యోగం.

ఇంగ్లీషు తెలిసిన కాంపౌండరు ఒకాయన ఉండేవాడు. లడాయిలో దవాఖాన పనికి పేరు రాయించుకుని వెళ్లిపోయాడు. ఆయన పోయాక దొరసానికీ ఆడవాళ్లకూ మధ్య మిగిలింది నేనే. ఆమె దగ్గర ఒక కాగితం ఉండేది. వయసు ఎంత, నొప్పి ఎక్కడ, ఎన్ని రోజులుగా, అని గళ్లు గీసి ఉండేవి. వచ్చిన మనిషి అరగంట చెప్పిన మాటల్లోంచి ఆ గళ్లకు సరిపోయే మూడు ముక్కలు ఏరి నేను అందించేదాన్ని. "హ్యాండ్. పెయిన్. ఫోర్ డేస్." అంతే. మిగిలినదంతా నా లెక్కలో పొట్టు. చెరిగి పారేయడమే. మాటను కూడా పొదుపుగా వాడుతున్నానని లోపల గర్వంగా ఉండేది.

కనకమామిడి నుంచి ఒకామె చేయి వాచి వచ్చినప్పుడు ఆ గర్వం దిగింది. నాలుగు రోజుల నొప్పి అని చెప్పాను. దొరసాని మలాము రాసి పంపింది. వారానికి ఆమె మోచేతి దాకా ఉబ్బిన చేయితో మళ్లీ వచ్చింది. కోసి చూస్తే లోపల తుమ్మ ముల్లు విరిగి ఉన్నది.

"ముల్లు సంగతి ఈమె ఎందుకు చెప్పలేదు?" అని దొరసాని అడిగింది.

నేనా మాట తెలుగులో అడిగేసరికి ఆమె నొప్పిలో కూడా లేచి కూర్చుంది. "చెప్పలేదా? గట్టు మీద గడ్డి కోయవోయిన, బర్రె బెదిరింది, తుమ్మకంప మీద వడ్డనని నీకు మొదలుకాడికెల్లి చెప్పలేదానే? నువ్వే చాలు చాలు అంటివి."

నిజం. చాలు చాలు అన్నది నేనే.

ఆరోజు దొరసాని కాగితం పక్కకు నెట్టి, మొదటి నుంచి చెప్పమన్నది. నాకేమో మాటలు లేవు. అప్పుడు నాకు మా బాపు గుర్తొచ్చాడు. మా బర్రె ఎవరి చేన్లోనో పడ్డదని తగవు వచ్చినప్పుడు బాపు పెద్దమనుషుల ముందు నిలబడి చెప్పిన తీరు గుర్తొచ్చింది. పొద్దున తలుగు ఎవరు విప్పారు, బర్రె ఎటు నడిచింది, అప్పుడు ఎండ ఎక్కడున్నది, అన్నీ వరసగా చెప్పాడు. తప్పు ఎవరిదో బాపు చెప్పనే లేదు. విన్నవాళ్లే చెప్పుకున్నారు. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. ఫస్ట్ షీ గో, గ్రాస్ కట్. దెన్ బఫెలో. ఆఫ్టర్, అని కంచెలోంచి ముల్లు విరిచి తెచ్చి చూపించాను. దొరసాని కలం కింద పెట్టి విన్నది. విన్నాక "ఇట్లాగే చెప్పు, ఎప్పుడూ ఇట్లాగే చెప్పు" అన్నది.

ఫస్ట్, దెన్, ఆఫ్టర్. ఈ మూడు మాటలను మూడు గుంజలుగా పాతుకుని మధ్యలో దొరికిన మాటతో, దొరకని చోట చేతితో అల్లుకుంటూ పోయేదాన్ని. ఏడాది తిరిగేసరికి దొరసాని నా మాట మధ్యలో ఆపడం మానేసింది.

ఇంత నేర్చుకున్న నేను, మా అక్క వచ్చిన రోజున మళ్లీ ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను.

అక్కను సురంగల్ ఇచ్చారు. నాకంటే ఆరేళ్లు పెద్దది. సన్నటి మనిషి, నడుము నా రెండు చేతుల్లో ఇమిడేది. రెండు కాన్పులు అయ్యాయి. రెండుసార్లూ రెండు రోజులు నొప్పులు పడ్డది. రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. రెండోసారి మంత్రసాని ఆశ వదులుకుంటే బండి కట్టి చేవెళ్లకు తెచ్చారు. దొరసాని అక్కను బతికించింది కానీ బిడ్డ అప్పటికే పోయింది. ఆరోజే దొరసాని గట్టిగా చెప్పింది. మళ్లీ కడుపుతో ఉంటే చివరి నెలంతా అక్క ఇక్కడే ఉండాలి, నొప్పులు తన ముందే రావాలి, ఊళ్లో వస్తే ఈసారి తల్లి కూడా మిగలదు. ఆ మాట అక్కకూ అక్క అత్తకూ తెలుగు చేసింది నేనే.

మూడోసారి కడుపు నిలిచింది. ఏప్రిల్ చివర్లో ఒక శుక్రవారం అక్క, అత్త ఇద్దరూ బండి దిగారు. మాది రెండు తరాలుగా చర్చికి పోయే ఇల్లే. పూటపూటా ప్రార్థన ఉంటుంది. అయినా దిష్టి భయం దిష్టి భయమే. కడుపుతో ఉన్న మనిషి నెలల లెక్క బయటికి చెప్పదు. అడిగితే రెండు తగ్గించి చెబుతుంది. మా వైపు ఆడవాళ్లందరికీ ఇది తెలుసు. ఒకరు ఐదంటే వినేవాళ్లు మనసులో ఏడు అనుకుంటారు. అందువల్ల మా మధ్య అది అబద్ధం కింద లెక్క కాదు. అడిగినవాళ్లూ మోసపోరు, చెప్పినవాళ్లకూ పాపం లేదు. ఈ ఏర్పాటు తెలియనిది ఆ గదిలో దొరసాని ఒక్కతే.

బల్ల మీద పడుకోమన్నది దొరసాని. అత్త అడ్డం నిలబడ్డది.

"ఆ బల్ల మీదికి వద్దు. మొన్న బిడ్డ పోయింది దాని మీద్నే. కూసోవెట్టే చూడుమను."

కూర్చున్న అక్కను చీర మీదుగా చూస్తే ఏం తెలుస్తుంది? ఉన్నదే గుప్పెడు మనిషి. దొరసాని ఎన్నో నెల అని అడిగింది. నేను అక్క వైపు చూశాను. అక్క నేల చూసింది.

"ఏడు వడ్డది" అన్నది అత్త.

"సెవెన్" అన్నాను నేను.

నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. వచ్చిన మరుక్షణం నుంచి నాకు కాలు నిలవలేదు. దొరసాని గడిలో ఏడు వేసుకుని, క్యాలెండరు చూసి, సంతోషంగా తల ఊపింది. తను సోమవారం చల్లటి కొండలకు పోతున్నానని, ఏటా ఎండాకాలం అక్కడే ఉంటానని, జూన్ నడిమికి తిరిగి వస్తానని, అప్పటికి తొమ్మిదో నెల పడుతుంది కనుక అప్పుడే అక్క రావాలని చెప్పింది. అదంతా తెలుగు చేస్తుంటే నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

ఎందుకంటే అక్కకు అప్పటికే తొమ్మిది పడుతున్నదని నాకు తెలుసు. క్రిస్మస్‌కు అక్క పుట్టింటికి వచ్చినప్పుడు నాతో ఒక్కదానితోనే చెప్పుకున్నది. చెప్పి, నా చేయి తన నెత్తి మీద పెట్టించుకుని, "నెలల లెక్క నీ నోట్లకెల్లి వస్తే నా మీద ఒట్టు" అన్నది. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న మనిషి నెత్తి మీద చేయి పెట్టి ఒట్టు వేసినదాన్ని. ఆ ఒట్టు తప్పడమంటే నా చేతులతో నేను అక్కను తోసినట్టే అనిపించేది. తప్పకపోతే మే నెలలో అక్కకు సురంగల్‌లో నొప్పులు వస్తాయి, దొరసాని కొండ మీద ఉంటుంది.

శనివారం ఉతికిన పీలికనే మళ్లీ ఉతికాను. నీళ్లు వృథా. చుట్టిన చుట్టలు విప్పి మళ్లీ చుట్టాను. మధ్యాహ్నం ఆగలేక దొరసాని బంగళాకు వెళ్లాను. ఆమె ట్రంకులో బట్టల మధ్య కర్పూరం ఉండలు వేస్తున్నది.

"మేడమ్, సిస్టర్ నో సెవెన్" అన్నాను.

ఆమె తల ఎత్తింది. "అయితే ఎంత?"

నేను కింద పడ్డ కర్పూరం ఉండ తీసి ట్రంకులో వేశాను.

"నిన్న ఏడు అన్నది నువ్వే కదా?"

"యెస్, మేడమ్."

"అబద్ధం చెప్పింది నీ అక్కనా, నువ్వా?"

ఆమెకు అబద్ధమంటే గిట్టదు. అంతకు ముందు ఒక ఆయా సామాను ఉడకబెట్టకుండానే ఉడకబెట్టానని చెబితే ఆ పూటే ఇంటికి పంపింది. ఎవరూ అబద్ధం చెప్పలేదని, ఇది మాలో ఉన్న పద్ధతని, అది తెలిసినవాళ్లు తెలిసినట్టే వింటారని చెప్పాలి. ఆ మాటలకు ఇంగ్లీషు నా దగ్గర ఎక్కడున్నది? "నో లై. ఫియర్. పీపుల్ ఐ" అని నా కన్ను చూపించాను. నా కంటికి ఏదో అయిందనుకుని ఆమె దగ్గరికి వచ్చి రెప్ప ఎత్తి చూసింది. ఏమీ లేదని చెప్పి, పని ఉన్నది వెళ్లమన్నది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యీ కాకముందే మొయినాబాద్ పోయే గడ్డిబండి ఎక్కాను. బండిలో కూర్చోలేక సగం దూరం దిగి పక్కన నడిచాను. బండివాడు "ఎడ్ల కంటే తొందర వడుతున్నవేంది బిడ్డా" అన్నాడు. మొయినాబాద్ నుంచి పొలాల వెంట సురంగల్.

అక్క అత్త అరుగు మీద చింతపండు కొడుతున్నది. గింజలు ఒక పక్క, పండు ఒక పక్క. నన్ను చూసి రాయి ఆపలేదు.

"ఏందే ఇంగిలీషు పిల్లా, చెప్పులు చేతవట్టుకొని ఉరికొచ్చినవ్?"

"అక్కను చూసి పోదామని, అత్తమ్మా."

"మొన్ననే గదనే సూసినవ్. శుక్రారానికి ఆయితారానికి ఏం మారింది? ముక్కు పెరిగిందా?"

"దొరసాని రేపు పోతున్నది. జర అక్కతోని మాట్లాడాలె."

"పోతే పోనీ. కొండ మీద ఆమెకు సల్లగుంటది. మాకేం ఫికర్?" అని, పండు ముద్ద ఒకటి నా చేతిలో పెట్టింది. "తిను. ఎండల వచ్చినవ్."

ఆ మనిషి మంచిదే. రెండుసార్లు బిడ్డలను గుడ్డలో చుట్టి చేతులతో ఎత్తుకుని పోయింది ఆమెనే. ఆ భయంతోనే ఏడు అన్నది.

అక్క కొట్టంలో పేడ తీస్తున్నది. తట్ట గుంజుకుని పక్కన పెట్టాను.

"ఒట్టు తీసెయ్ అక్కా. దొరసానికి ఒక్కదానికి చెప్త. ఇంకెవ్వలకు చెప్ప."

"వద్దు."

"నువ్వు చెప్పిన లెక్కకే ఆమె పోతున్నదే!"

"నేను చెప్పలే. అత్తమ్మ చెప్పింది."

"ఇంగిలీషుల చెప్పింది నేను గదనే! నా నోటితోని చెప్పిన."

అక్క గోడకు ఆనుకుని నిలబడింది. ఒక చేయి నడుము మీద ఉన్నది.

"మొదటిదానికి లెక్కవెట్టుకొని ఊరంత చెప్పిన. రెండోదానికి నడిమి నెలల్ల దవాఖానకొచ్చి దొరసానికి గూడ చెప్పిన. దినాలతోని సహా రాసుకున్నది. ఏమైంది? ఈసారి లెక్క నా నోట రాదు, నీ నోట రావద్దు. ఇది గూడ పోతే నేను బావిల వడుత."

"లెక్క చెప్పకపోతే నువ్వే పోతవ్."

"పోతే పోత. నీ చేత మాత్రం కాదు."

నన్ను రేపటిదాకా ఉండమన్నది. ఉన్నాను. తెల్లవారగానే మొయినాబాద్ సడక్ మీదికి వచ్చి నిలబడ్డాను. అక్కతో గాని అత్తతో గాని చెప్పి రాలేదు. ఏం చేస్తానో నాకూ తెలియదు. సిటీకి పోయే బస్సులో దొరసాని ఆ దారినే వస్తుందని మాత్రం తెలుసు.

లడాయి రోజుల్లో పెట్రోలు లేక బస్సులకు వెనక బొగ్గుపొయ్యి కట్టేవారు. పెద్ద పీపా లాంటిది. బొగ్గు రాజేసి, పక్కనున్న పిడి పట్టుకుని క్లీనరు గిరగిర తిప్పితే పొగ ఇంజనులోకి పోయి బస్సు నడిచేది. చేవెళ్ల నుంచి వచ్చిన బస్సు మొయినాబాద్‌లో ఆగి, బూడిద దులిపి, మళ్లీ బొగ్గు పోసుకోవాలి. ఒక్కోసారి అరగంట. ఆ పొయ్యి మీదనే నా ఆశ. కానీ ఆరోజు మంట బాగుంటే? ఆగకుండా పోతే? నిలబడ్డచోట నిలబడకుండా సడక్ మీద అటు పది అంగలు, ఇటు పది అంగలు వేశాను. ఎండ ఎక్కింది. ఒక బస్సు వచ్చింది. అది సిటీ నుంచి వచ్చేది. ఇంకో గంటకు అసలుది వచ్చింది. పైన దొరసాని ట్రంకులు రెండు, చుట్టిన పరుపు. పొగ కక్కుకుంటూ ఆగింది.

దొరసాని డ్రైవరు పక్క సీట్లో టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నది. నన్ను చూసి కనుబొమలు ముడిచింది. ఇక్కడెందుకున్నావు, ఈరోజు దవాఖానలో పని లేదా అన్నది. నేను కిటికీ చువ్వ పట్టుకున్నాను. నెలలు అన్న మాట నా నోట రాకూడదు. అంకె రాకూడదు. ఇక మిగిలింది ఏమిటి?

"మేడమ్, క్రిస్మస్ డే" అన్నాను.

ఆమె గడియారం చూసుకున్నది. డ్రైవరు వెనక్కి తొంగి చూసి, "పొయ్యి ఇంక అంటుకోలే, చెప్పుకో బిడ్డా, టైమున్నది" అన్నాడు.

"క్రిస్మస్ డే, మార్నింగ్. చర్చ్. యూ గివ్ ఆరంజ్."

"అవును," అన్నది దొరసాని. ఆరోజు పిల్లలకూ ఆడవాళ్లకూ నారింజలు పంచింది తనే.

"మై సిస్టర్ కమ్. గ్రీన్ సారీ. నియర్ డోర్, సిట్. యూ గివ్ ఆరంజ్, సిస్టర్ టేక్. దెన్, ఆల్ సింగ్. సిస్టర్ సింగ్."

మా వెనక పిడి తిప్పే చప్పుడు. బస్సులో మగవాళ్లు పదిమంది. అందరూ నన్నే చూస్తున్నారు. పెళ్లి కాని పిల్లను. ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచి, నా పొట్ట మీద చేయి పెట్టుకున్నాను.

"దెన్, సిస్టర్ స్టాప్. నో సింగ్. ఇన్‌సైడ్, ఫిష్."

"ఫిష్?"

"లిటిల్ ఫిష్, మేడమ్. వాటర్ ఇన్‌సైడ్." నీళ్లలో చేపపిల్ల ఎట్లా తిరుగుతుందో వేళ్లతో చూపించాను. మా ఆడవాళ్లు ఆ మొదటి కదలికను అట్లాగే చెప్పుకుంటారు. "సిస్టర్ లాఫ్. ప్రేయర్ టైమ్, బిగ్ లాఫ్. దెన్ యూ లుక్ సిస్టర్. యూ యాంగ్రీ. యూ లైక్ దిస్." అని దొరసాని కోపంతో చేసినట్టే, కళ్లు పెద్దవి చేసి, పెదవుల మీద వేలు పెట్టి చూపించాను.

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. దొరసాని నవ్వలేదు. ఆమె ముఖంలో ఏదో మెల్లగా కదిలింది. ప్రార్థన మధ్యలో తలుపు దగ్గర నవ్విన ఆకుపచ్చ చీర ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజున తను అక్కడే ఉన్నది. తన కళ్లతో చూసింది.

"అదే మొదటిసారా?" అని అడిగింది. "అంతకు ముందు కదలలేదా?"

"ఫస్ట్ టైమ్, మేడమ్. ఆఫ్టర్, సిస్టర్ ఆరంజ్ గివ్ మీ. సిస్టర్ క్రై."

దొరసాని చేతి తొడుగు తీసేసి వేళ్లు మడవడం మొదలుపెట్టింది. పెదవులు కదిలాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చి. నాలుగో వేలు మడిచి ఆగింది. బిడ్డ కడుపులో మొదటిసారి ఐదో నెలలో కదులుతుందని ఆమెకు ఒకరు చెప్పాలా? మళ్లీ మొదటి నుంచి మడిచింది. ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. ఇంతలో ఇంజను దగ్గి అంటుకున్నది. క్లీనరు "పోనీ, పోనీ" అని అరిచాడు.

"ట్రంకులు దించండి" అన్నది దొరసాని.

"ఇప్పుడే అంటుకున్నది దొరసానమ్మా, మళ్ల ఆరిపోతది" అని డ్రైవరు మొత్తుకున్నాడు.

"దించవలెను" అన్నది.

ట్రంకులు సడక్ పక్కన దుకాణంలో పెట్టి, మందుల సంచి ఒక్కటి తీసుకుని, మేమిద్దరం ఎండలో సురంగల్ నడిచాము. దారి పొడవునా ఆమె ముఖం ముడుచుకునే నడిచింది. ఎవరి మీద కోపమో తెలియక నేను నాలుగడుగులు వెనకే నడిచాను.

టోపీ వాకిట్లో కనపడగానే అత్త చింతపండు తట్ట వదిలేసి లేచింది. నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే.

"లెక్క చెప్పినవా, పోరీ?"

"నేను చెప్పలే, అత్తమ్మా."

"చెప్పకుంటే ఈమె గాలికి కొట్టుకొచ్చిందా?"

దొరసాని అక్కను లోపలి మంచం మీద పడుకోబెట్టి, తలుపు వేయించి, చేతులతో నెమ్మదిగా చూసింది. చాలాసేపు చూసింది. బయటికి వచ్చి, బండి కట్టమన్నది. అమావాస్య పోయాక పంపుతామన్నది అత్త. అప్పుడు దొరసాని, మేమెవరం అర్థం చేసుకోని తన పుస్తకం తెలుగులో, "ఇప్పుడే బయలుదేరవలెను, లేనిచో ఈమె మరణించును" అన్నది. నేను తెలుగు చేయవలసిన అవసరం రాలేదు. అత్త పోయి ఎడ్లను విప్పింది. బండిలో తన దుప్పటే పరిచింది.

దొరసాని ఆ ఏడాది కొండలకు పోలేదు. చేవెళ్ల ఎండకు ఆమె మెడంతా చెమటపొక్కులు లేచి, చీటికిమాటికి నా మీద అరిచేది. పడ్డాను. పద్దెనిమిదో రోజు పొద్దున అక్కకు నొప్పులు వచ్చాయి. సాయంత్రానికి దొరసాని, నేను ఉడకబెట్టి ఇచ్చిన పెద్ద పట్టుకారు లాంటి సామానుతో బిడ్డను బయటికి తీసింది. ఆడపిల్ల. తల పక్కన రెండు ఎర్రటి వాతలు. ఏడవడానికి కొంచెంసేపు తీసుకున్నది కానీ ఏడ్చింది. అక్క కళ్లు తెరిచి ఉన్నది.

ఆ తర్వాత దొరసాని తన కాగితంలో నెలల గడిని కొట్టేసింది. కడుపుతో ఉన్నవాళ్లు వస్తే ఎన్నో నెల అని అడగడం మానేసి, నన్ను పిలిచి, మొదటిసారి వాంతి అయిన రోజు ఇంట్లో ఏం వండారో, చేపపిల్ల తిరిగిన రోజు చేలో ఏం పని నడుస్తున్నదో అడగమనేది. పెసర్లు తెంపినప్పుడనీ, మక్కకంకులు కాల్చినప్పుడనీ ఆడవాళ్లు సంతోషంగా చెప్పేవారు. నేను ఫస్ట్, దెన్, ఆఫ్టర్ అని అల్లేదాన్ని. ఆమె వేళ్లు మడుచుకునేది. ఎవరి నోటా అంకె వచ్చేది కాదు.

కానీ అక్క నాతో మాట్లాడలేదు. కాన్పుకు ముందు పద్దెనిమిది రోజులూ అంతే, కాన్పు తర్వాతా అంతే. గంజి పట్టుకెళ్లి ఇస్తే తాగేది, గోడ వైపు తిరిగేది. పుట్టిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూడా దానికి ఏమవుతుందోనని రెప్ప వేసేది కాదు. ఒట్టు తప్పానని, దాని ఫలితం ఇంకా రావలసే ఉన్నదని ఆమె భయం. ఎనిమిది రోజులు చూశాను. తొమ్మిదో రోజు గంజి గిన్నె కింద పెట్టి అక్కడే కూర్చున్నాను.

"నేను లెక్క చెప్పలే, అక్కా."

గోడ వైపే చూస్తూ అన్నది: "చెప్పకుంటే ఆమెకెట్ల ఎరికైంది?"

"క్రిస్మస్ నాడు నువ్వు నవ్విన సంగతి చెప్పిన."

"గంతేనా?"

"గంతే."

ఇటు తిరిగింది. "నీ తెలుగు నేను నమ్మ. ఆమెకు ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు. ఆ ఇంగిలీషులనే చెప్పు. అండ్ల లెక్క ఉన్నదో లేదో నేను ఇంట."

"నీకు ఇంగిలీషు వస్తదానే?"

"నువ్వు చెప్పు, నాకు తెలుస్తది."

చెప్పాను. క్రిస్మస్ డే, మార్నింగ్, చర్చ్. బస్సు దగ్గర చెప్పినట్టే, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా. ఆరంజ్ ఇచ్చినప్పుడు చేయి చాపాను. ఫిష్ అన్నప్పుడు వేళ్లు తిప్పాను. దొరసాని కోపం చూపించి పెదవుల మీద వేలు పెట్టాను. అక్క బిడ్డ మీద చేయి వేసుకుని, తల ఒక పక్కకు వంచి, దొంగ సాక్ష్యం పట్టుకోవడానికి కూర్చున్న పెద్దమనిషిలాగా ప్రతి మాటా విన్నది. అయిపోయాక బిడ్డ మీది గుడ్డ సరిచేసింది.

"ఆరంజ్ అంటే నారింజ పండేనా?" అన్నది చివరికి.

"నారింజ పండే."

"అది నీకిచ్చిన సంగతి గూడ చెప్పినవా?"

"చెప్పిన. నువ్వు ఏడ్చిన సంగతి గూడ చెప్పిన."

"గది చెప్పకుంటే ఏంది? బస్సుల మగోళ్లందరు ఉండంగ" అని మూతి తిప్పింది. అంటూనే గంజి గిన్నె తనే అందుకున్నది. బిడ్డను నా ఒళ్లోకి జరిపి, గంజిలో ఉప్పు తక్కువైందని తిట్టింది.